ఈలలూ చప్పట్లూ కూడా పాటే!

స్టూడియోలో పాడిన పాట స్టూడియోలో దిగిన పెళ్లి ఫొటో లాంటిది. తల దువ్వుకుని, పట్టుచీర సర్దుకుని, ఊపిరి బిగబట్టి దిగుతాం. జనం ముందు పాడుతుండగా రికార్డు చేసిన పాట అలా కాదు. భోజనాల బంతిలో ఎవరో గభాల్న తీసిన ఫొటో అది. ఒకరు నవ్వుతుంటారు, ఒకరు నోట్లో ముద్ద పెట్టుకుంటుంటారు, వెనకాల ఎవరో నడిచి వెళ్లిపోతుంటారు. ఇంటికొచ్చిన వాళ్లకి మొదటి ఫొటో చూపిస్తాం. ఇరవై ఏళ్లు పోయాక ఒంటరిగా కూర్చుని తీసి చూసుకునేది మాత్రం రెండోదే.

ఈ వారం కబుర్లు ఆ రెండో రకం పాట గురించి. అమెరికాలో మొదలుపెట్టి నంద్యాల, ఆళ్లగడ్డల మధ్యనున్న శిరివెళ్లకి వస్తాను. దూరమెక్కువే. కానీ దారి మధ్యలో ఎక్కడా తెగదు, నాదీ పూచీ.

బ్లూస్ అనే పాట పుట్టింది అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లు పత్తి చేలల్లో, సారాయి అంగళ్లలో పాడుకున్న పాట అది. దాని కట్టడం చాలా తేలిక. ఒక మాట చెబుతారు. అదే మాటను మళ్లీ చెబుతారు. మూడోసారి దానికి జవాబు చెబుతారు. మధ్యమధ్య ఖాళీల్లో గిటారు తన మాట తను చెబుతుంది. అంతే. 1960లలో తెల్లజాతి కుర్రకారు ఈ పాటని ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్ములతో హోరెత్తించారు. దాన్నే బ్లూస్ రాక్ అన్నారు. ఆ హోరులో అందరికంటే గట్టిగా వినబడిన ఆడగొంతు జానిస్ జాప్లిన్‌ది.

ఆమె 1943 జనవరి 19న టెక్సస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్ అనే చమురు శుద్ధి ఊళ్లో పుట్టింది. 1970 అక్టోబర్ 4న పోయింది. ఇరవై ఏడేళ్లు! మత్తుమందు తీసుకుపోయింది. 1972లో ఆమె కచేరీల రికార్డింగుల్లోంచి కొన్ని ఏరి ‘ఇన్ కాన్సర్ట్’ పేరుతో రెండు ప్లేట్ల ఆల్బంగా తెచ్చారు. పాడిన మనిషి అప్పటికి లేదు. వినడానికి కూర్చునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

అందులో ‘బాల్ అండ్ చైన్’ అనే పాట ఉంది. 1970 జూలై 4న కెనడాలోని కాల్గరీలో పాడినది. మొదట గిటారు ఒక అరుపు అరుస్తుంది. తర్వాత ఆమె దాదాపు గుసగుసగా మొదలుపెడుతుంది. ఆ గొంతు నున్నటిది కాదు. రంపం పెట్టి కోసినట్టుంటుంది. పైకి వెళ్లేకొద్దీ చీలుతుంది, ఆ చీలికలోంచే ఇంకో స్వరం వస్తుంది. పాట నడుమ ఉన్నట్టుండి వాద్యాలు తగ్గుతాయి. ఆమె పాట ఆపి జనంతో మాట్లాడటం మొదలుపెడుతుంది. రేపు అంటూ వేరే ఏదీ రాదనీ, ఉన్నదంతా ఒకటే రోజనీ చెబుతుంది. జనం నవ్వుతారు, అరుస్తారు. ఆమె మళ్లీ పాటలోకి వెళ్లిపోతుంది.

ఆ రాత్రికీ ఆమె చావుకీ మధ్య సరిగ్గా మూడు నెలలు. ఆ సంగతి ఆ రాత్రి ఆమెకి తెలియదు, ఎదురుగా ఉన్న వాళ్లకీ తెలియదు. వింటున్న మనకి తెలుసు. స్టూడియోలో అయితే పాట మధ్యలో ఇంతసేపు కబుర్లేమిటని కత్తిరించేసేవారు. జనం ముందు కాబట్టి మిగిలింది.

ఇక్కడో తమాషా చెప్పాలి. 1968 ఆగస్టులో ఆమె బృందం ‘చీప్ థ్రిల్స్’ అనే ఆల్బం తెచ్చింది. అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వింటుంటే అంతా కచేరీలో రికార్డు చేసినట్టే ఉంటుంది. మధ్యలో జనం గోల కూడా వినిపిస్తుంది. నిజానికి అందులో ఎక్కువ భాగం స్టూడియోలో పాడిందే! జనం సందడిని తర్వాత తెచ్చి అతికించారు. నిఖార్సుగా కచేరీలో పాడింది ‘బాల్ అండ్ చైన్’ ఒక్కటే. ఆలోచించండి. పాటగత్తె అసలు, వాద్యాలు అసలు, జనం మాత్రం అరువు! చప్పట్లు లేకపోతే ఆ పాట సగమే అని రికార్డు కంపెనీ వాళ్లకే తెలుసన్నమాట.

ఆ పాటకి మొదటి హక్కుదారు కూడా జాప్లిన్ కాదు. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని రాసి పాడుకున్న పాట అది. అంతకుముందు 1953లో ఆవిడ పాడిన ‘హౌండ్ డాగ్’ పెద్ద హిట్టు. మూడేళ్ల తర్వాత అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడి లోకాన్ని ఊపేశాడు. తన ప్లేటుకు తన చేతికొచ్చింది ఒకే ఒక్క చెక్కు, ఐదు వందల డాలర్లది అని థార్న్‌టన్ చెప్పుకునేది. పాడిన గొంతుకీ పండిన పంటకీ లెక్క కుదరకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

1967 జూన్ 18, ఆదివారం. కాలిఫోర్నియాలో మాంటెరీ అనే ఊళ్లో పాటల తిరునాళ్ల. మధ్యాహ్నం మన పండిట్ రవిశంకర్ సితార్. సాయంత్రం అదే వేదిక మీద జాప్లిన్. ముందురోజే ఒకసారి పాడింది గానీ, అప్పుడు సినిమా తీయడానికి ఆమె బృందం మేనేజరు ఒప్పుకోలేదు. పాట విని జనం వెర్రెత్తిపోయేసరికి కెమెరా కోసం ఆదివారం మళ్లీ పాడించారు. ఇవాళ మనం తెర మీద చూసేది ఆ రెండో పాటే.

రవిశంకర్ గారిదే ఇంకో ముచ్చట. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జార్జ్ హారిసన్‌తో కలిసి కచేరీ చేశారు. వాద్యాలకి శ్రుతి కలుపుకుంటుంటే, అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టేశారు. శ్రుతి చేసుకుంటేనే ఇంత నచ్చిందంటే అసలు సంగీతం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన చమత్కరించారు. ఆ చప్పట్లూ, ఆ చమత్కారం రెండూ ఆల్బంలో అలాగే ఉన్నాయి. ఆ ఆల్బంకి 1973లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. తెలియక కొట్టిన చప్పట్లను కూడా దాచుకున్నారు చూడండి, అదీ తెలివి.

మరి మన సంగతేమిటి? మన పల్లెల్లో కచేరీ రికార్డింగులు లేవా?

ఎందుకు లేవు! శిరివెళ్లలోనో, దాని చుట్టుపక్కల పల్లెల్లోనో పాత ఇళ్ల అటకలు వెతకండి. ఇనుప పెట్టెలో పాత పట్టాదారు పుస్తకాల కింద, పెళ్లి శుభలేఖల పక్కన ఒక క్యాసెట్ల డబ్బా ఉండే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీద బాల్‌పెన్నుతో ‘రాయబారం – 3’ అనో, ‘హరిశ్చంద్ర – కాటిసీను’ అనో రాసి ఉంటుంది. అదే మన లైవ్ ఆల్బం.

ఈ సీమకి నాటకం కొత్త కాదు. సురభి నాటకాలు 1885లో పుట్టింది పక్కనే, కడప జిల్లా సురభి గ్రామంలో. తిరునాళ్లకో, శ్రీరామనవమికో, పంట చేతికొచ్చాకో పల్లెలో పద్యనాటకం పెట్టించడం ఒక మర్యాద. రాత్రి తొమ్మిదికి హార్మోనియం మీద వేలు పడితే తెల్లవారి కోడి కూసేదాకా సాగేది. జనం బోద చాపలు, గొంగళ్లు, దుప్పట్లు తెచ్చుకుని చోటు పట్టుకునేవారు. పిల్లలు ముందు వరసలోనే నిద్రపోయేవారు. భీముడు గద ఎత్తినప్పుడు లేపమని ముందే చెప్పి మరీ!

1980లలో క్యాసెట్లు చవకయ్యాక మైక్‌సెట్ వాళ్లు యాంప్లిఫయర్ పక్కన టేపురికార్డరు కూడా పెట్టుకున్నారు. గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు సరేసరి. తొంభై నిమిషాల క్యాసెట్టుకి ఒక వైపు నలభై ఐదు నిమిషాలు. ఎనిమిది గంటల నాటకానికి ఆరు క్యాసెట్లు కావాలి. సరిగ్గా కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం పైకి తీసుకెళ్తుండగా టేపు అయిపోతుంది. టక్‌మని చప్పుడు. తిరగేసి పెట్టేసరికి దుర్యోధనుడు మాట్లాడుతుంటాడు. మధ్యలో పోయిన పద్యం పోయినట్టే!

అంతకుముందు నాటక పద్యాలు గ్రామఫోను ప్లేట్లలోనూ వచ్చాయి. అయితే పాత ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. నటుడు గడియారం చూసుకుని పాడాలి. పల్లె వేదిక మీద ఆ గొడవ లేదు. పద్యం చదివితే అర నిమిషం. దాని చివర రాగం ఐదు నిమిషాలు. అయిపోయాక జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక వస్తే మళ్లీ మొదటినుంచి. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేదని మన పెద్దలు నవ్వుతూ చెప్పుకునే కథ ఊరికే పుట్టలేదు. మేధావులు దీన్ని వెక్కిరించారు, నాటకం చెడిపోయిందన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది. కానీ నటుడు పాడటం, జనం అడగటం, నటుడు మళ్లీ ఇంకొంచెం పైకి వెళ్లి పాడటం... ఆ ఇచ్చిపుచ్చుకోవడమే కదా కచేరీ అంటే! కాల్గరీలో జాప్లిన్ చేసిందీ అదే.

గొంతుల విషయంలోనూ చుట్టరికం కనిపిస్తుంది. బ్లూస్ పాడేవాళ్లు రెండు మెట్ల నడుమ ఉండే స్వరాల్లో నిలబడతారు. పియానో మీద ఆ స్వరానికి మెట్టు ఉండదు. మన నాటకానికి ప్రాణం హార్మోనియం. దాని మీదా నడిమి స్వరాలు పలకవు. నటుడి గొంతు మాత్రం ఆ మెట్ల సందుల్లోంచి జారుకుంటూ పోతుంది. హార్మోనియం వెంట పరిగెడుతుంది. ఈ లోపం పట్టుకునే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి వెళ్లగొట్టింది. 1971లోగానీ ఆ నిషేధం సడలలేదు. రేడియో వద్దన్న ఆ ముప్పై ఏళ్లూ పల్లె మాత్రం హార్మోనియాన్ని వదల్లేదు.

పుస్తకంలో దొరకనివి కూడా ఈ టేపుల్లో దొరుకుతాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్యహరిశ్చంద్ర’ పుస్తకం తెరిస్తే కాటిసీనులో గుర్రం జాషువా గారి శ్మశానం పద్యాలు కనిపించవు. అవి ఆయన వేరే రాసుకున్న ఖండిక. నటులు వాటిని తెచ్చి వేదిక మీద నిలబెట్టారు. జనం ఒప్పుకున్నారు. అంటరానితనం పేరుతో జాషువాను అవమానించిన ఊళ్లే, అర్ధరాత్రి కాటిసీనులో ఆయన పద్యానికి కళ్లు తుడుచుకుని ‘వన్స్ మోర్’ అన్నాయి. డి.వి. సుబ్బారావు గారి గొంతులో ఆ సీను విననివాళ్లు ఒక తరంలో తక్కువ. వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే పద్యమంతా వినిపించిన ఈలపాట రఘురామయ్య గారిని (1901–1975) చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఈల ఎలా ఉండేదో పుస్తకం చెప్పలేదు కదా.

చేదు సంగతులకీ టేపే సాక్షి. వేశ్యావృత్తిని ఖండిస్తూ కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన ‘చింతామణి’లో పోనుపోను సుబ్బిశెట్టి పాత్రకి ఎంత మోటుతనం అతికించారో అందరికీ తెలుసు. ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. రచయిత రాసిందేమిటి, వేదిక మీద అన్నదేమిటి అని ఎవరైనా నిజాయితీగా తేల్చాలంటే పుస్తకం ఒక చేత్తో, పాత క్యాసెట్ ఇంకో చేత్తో పట్టుకోవాలి.

ఆ మధ్య శిరివెళ్లలో తెలిసినవాళ్లింట్లో ఇలాంటి టేపు ఒకటి విన్నాను. రాయబారం. నటుల పేర్లు రాసి లేవు. బుస్సుమనే శబ్దం, వెనకాల జనరేటర్ మోత. మధ్యమధ్య నాటకం ఆపి చదివింపులు. ఫలానా ఊరి ఫలానా రెడ్డిగారు కృష్ణుడి వేషధారికి నూటపదహార్లు, ఫలానా టీకొట్టు ఆయన హార్మోనిస్టుకి పాతిక రూపాయలు... మొదట విసుగనిపించింది. పది నిమిషాలయ్యాక అర్థమైంది, ఆ పేర్లతో ఆ రాత్రి ఊళ్లో ఎవరెవరున్నారో చిట్టా కట్టవచ్చని.

పద్యం అయింది. ఎవరో దగ్గారు. వెంటనే మైకుకి దగ్గరగా ఒక మగగొంతు బిగ్గరగా ‘వన్స్ మోర్’ అంది. వంటింట్లోంచి ఆ ఇంటి వదిన తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

“అబ్బీ, ఇంగోసారి ఎనక్కి తిప్పు” అంది.

తిప్పారు. మళ్లీ దగ్గు. మళ్లీ కేక.

“మా మామ గొంతే ఇది. ఆ దగ్గు కూడా మామదే” అంది వదిన. గోడ మీద పూలదండ వేసిన ఫొటో వైపు అందరం చూశాం. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఫొటోలున్నాయి, సంతకాలున్నాయి, చేతికర్ర ఉంది. గొంతు మాత్రం లేదనుకున్నారు. రెండే మాటలు, అదీ ఇంగ్లీషులో! అయినా ఆ ఇంటికి అవి చాలు. ఆయన మనవరాలు సెల్‌ఫోనులో ఎక్కించుకుంది.

ఆ టేపులో కృష్ణుడి వేషం కట్టినాయన బాగా పాడాడా లేదా అన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ టేపులు మనకోసం కాచుకుని కూర్చోవు. ప్లాస్టిక్ రిబ్బను మీద పూసిన అయస్కాంతపు పొడి అది. తేమకి బూజు పడుతుంది. మే నెల ఎండకి రేకుల ఇంటి అటక మీద ఉడుకుతుంది. లోపల చిన్న స్పంజి ముక్క ఊడిపోతుంది. అన్నిటికంటే ముందు, టేపు తిప్పే యంత్రాలే ఊళ్లలో కరువయ్యాయి. అందుకే ఇంట్లో అలాంటి క్యాసెట్ కనబడితే ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, తొందరపడి పాత టేపురికార్డరులో పెట్టకండి. ముందు దాని హెడ్డు, రోలరు శుభ్రం చేయించండి. క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కల్ని విరిచేయండి. ఇక పొరపాటున రికార్డింగు మీట నొక్కినా పాతది చెరిగిపోదు. బూజు కనిపిస్తే అసలు పెట్టకండి, తెలిసినవాళ్లకివ్వండి. డబ్బా పగిలినంత మాత్రాన పారేయకండి. మరలున్న ఇంకో క్యాసెట్ విప్పి, రిబ్బను అందులోకి మార్చవచ్చు.

రెండు, ఫోనుని స్పీకరు ముందు పెట్టి రికార్డు చేయకండి. టేపురికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకి ఒక కేబులు చాలు. అడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ముందు వేవ్ ఫైలుగా దాచండి. పంచుకోవడానికి ఎంపీత్రీ వేరే చేసుకోవచ్చు. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టండి.

మూడు, శుభ్రం చేస్తున్నామని దగ్గులు, చదివింపులు, కేకలు కత్తిరించకండి. అమెరికా కంపెనీవాళ్లు డబ్బిచ్చి అతికించుకున్న సందడి అది. మనకి ఊరికే వచ్చింది.

నాలుగు, ఇంట్లో పెద్దవాళ్లుండగానే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. ఏ సంవత్సరం, ఏ తిరునాళ్ల, అర్జునుడెవరు, హార్మోనియం ఎవరిది, తబలా ఎవరిది... కాగితం మీద రాసుకోండి. టేపు ఐదేళ్లాగితే ఆగుతుందేమో, ఈ పని ఆగదు. పేర్లు చెప్పగలిగిన మనిషి వెళ్లిపోతే ఆ నటుడు శాశ్వతంగా ‘ఎవరో కృష్ణుడు’ అయిపోతాడు.

ఇంకొక్క మాట. ఆ నటులు గానీ, వాళ్ల పిల్లలు గానీ ఉంటే, నలుగురిలో పెట్టేముందు అడగండి. ఒక రాత్రి కూలికి పాడిన మనిషి గొంతుతో ఇంకెవరో పైసలు చేసుకోవడం థార్న్‌టన్ కథే అవుతుంది. కిరీటం తీసి, రంగు కడుక్కుని, తెల్లారి బస్సెక్కి వెళ్లిపోయిన ఆ కళాకారుల్లో ముసలితనంలో పింఛను కోసం కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్లు ఎంతోమంది. కనీసం ఒక కాపీ వాళ్ల ఇంటికి పంపితే, ఆ ఇంట్లోనూ ఒక వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొస్తుంది.

జాప్లిన్ చేసిన ఒక పని చెప్పి ముగిస్తాను. ఆమె చిన్నప్పుడు ప్లేట్లు విని గురువుగా ఎంచుకున్న గాయని బెస్సీ స్మిత్. ఒకప్పుడు అమెరికా అంతా వెలిగిన ఆ నల్లజాతి గాయని 1937లో కారు ప్రమాదంలో పోయింది. ముప్పై మూడేళ్లపాటు ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదు. 1970 ఆగస్టులో రాయి పెట్టించారు. దాని ఖర్చులో కొంత భరించింది జాప్లిన్. మరో రెండు నెలలకి ఆమే లేదు. ఉన్నన్నాళ్లలో ఆ అప్పొకటి తీర్చుకుని పోయింది.

రాతి మీద పేరు చెక్కడానికి మన ఆళ్లగడ్డలో ఉలికి కొదవలేదు. అక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడో పూజలందుకుంటున్నాయి. గొంతుని మాత్రం ఏ ఉలీ చెక్కలేదు. దానికి కావలసింది ఒక కేబులు, ఒక కంప్యూటరు, మీ ఇంట్లో పెద్దాయనకి తీరికున్న ఒక సాయంత్రం. ఇవాళ ఆదివారమే కదా, భోజనాలయ్యాక ఒకసారి అటక ఎక్కి చూడండి.